గుంపు వేరు, గిరాకీ వేరు

ఇటీవల మాకు అందుతున్న ఉత్తరాలలో ఒకే ప్రశ్న రకరకాల రూపాలలో కనిపిస్తున్నది. ఇంట్లో కుట్టిన బురఖాలో, పట్టిన పచ్చళ్ళో, అత్తర్లో, పెళ్ళి గాజులో, ఏదో ఒక సరుకు ఉంటుంది. దానికొక వెబ్‌సైటు, ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఒక్కొక్క పేజీ ఉంటాయి. "మెచ్చుకునేవారు వేలల్లో ఉన్నారు, వెబ్‌సైటుకు వచ్చి కొనేవారు లేరు. డబ్బు పెట్టి ప్రకటనలు కూడా ఇచ్చాము. లోపం ఎక్కడ ఉన్నది?" అన్నది ఆ ఉత్తరాల సారాంశం. కొందరు మరొక మాట కూడా చేర్చారు: అసలు ఇలా ప్రకటనలు ఇవ్వడం ధర్మసమ్మతమేనా?

రెండవ ప్రశ్నకు సమాధానం సులభం కనుక ముందు దానిని ముగిస్తాము. సరుకు హలాల్ అయి, దాని గురించి చెప్పే మాట నిజమైతే, అది మన వద్ద ఉన్నదని నలుగురికీ తెలియజేయడంలో తప్పు లేదు. అంగడిలో కేక వేసి అమ్మడం ఎంత పాతదో ఇదీ అంత పాతదే. మొదటి ప్రశ్నే కష్టమైనది. మదర్సాలో పాఠాలు చెప్పుకునే మాకు ఈ వ్యవహారంతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. ఫిఖ్‌హ్ గ్రంథాలలో క్రయవిక్రయాల అధ్యాయం చిన్నది కాదు. దానిని బోధించేవారికి తమ కాలపు అంగడి ఎలా నడుస్తున్నదో తెలియకపోతే ఆ బోధన సగమే అవుతుంది. అందుకే ఈ పని చేస్తున్న మా పూర్వ విద్యార్థుల వద్ద కూర్చుని, వారి ఫోన్లు చూసి, వారి లెక్కలు చూసి తెలుసుకున్న సంగతులను ఇక్కడ ముచ్చటిస్తున్నాము.

వారిలో ఒకరి కుటుంబం హైదరాబాదులో చార్మినారు పక్కనున్న లాడ్ బజారు కోసం లక్క గాజులు తయారు చేస్తుంది. నిప్పుల సెగపై లక్కను మెత్తబరచి, వలయంగా చుట్టి, అది ఆరకముందే ఒక్కొక్క రాయిని చేతితో పొదగాలి. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. దుకాణదారుల ద్వారా కాక నేరుగా అమ్ముకుంటే నాలుగు రూపాయలు మిగులుతాయని ఆ ఇంటి అబ్బాయి వెబ్‌సైటు చేయించాడు. ఆ తరువాత ఒక ప్రచార సంస్థ వారు వచ్చి "నెలలో పది వేలమంది అనుచరులను తెచ్చిపెడతాము" అన్నారు. అక్క పెళ్ళికని తల్లి దాచిన సొమ్ములో నుండి ఇరవై వేల రూపాయలు వారి చేతిలో పడ్డాయి. మాట ప్రకారం పది వేలమందీ వచ్చారు. వారిలో ఒక్కరు కూడా ఒక్క గాజు కొనలేదు. ఆ పేర్లను మేమూ చూశాము. సగం పేర్లు ఏ దేశం వారివో తెలియదు; చాలా ఖాతాలకు ముఖచిత్రం లేదు, వాటిలో ఒక్క రాత కూడా లేదు. సంస్థ వారిని నిలదీస్తే, "మేము అనుచరులను ఇస్తామన్నాము గాని కొనుగోలుదారులను ఇస్తామనలేదు" అన్నారట. ఆ మాటలో మోసం ఉన్నది. అయినప్పటికీ మనం నేర్చుకోవలసిన పాఠం కూడా అందులోనే ఉన్నది.

దొంగ ఖాతాల సంగతి అటుంచుదాము. నిజాయితీగా, నేరుగా ఫేస్‌బుక్‌కే డబ్బు చెల్లించి ప్రకటన ఇచ్చినవారు కూడా ఇదే గోతిలో పడుతున్నారు. కారణం ఏమంటే ఆ యంత్రాంగం మనం అడిగినదానినే అక్షరాలా ఇస్తుంది. ప్రకటన మొదలుపెట్టేటప్పుడు "మీ ఉద్దేశమేమిటి?" అని అది అడుగుతుంది. స్పందన కావాలని చెబితే, కనిపించిన ప్రతి బొమ్మ కింద లైకు కొట్టే అలవాటున్నవారిని వెదకి వారికే చూపిస్తుంది. వెబ్‌సైటుకు మనుషులు రావాలని చెబితే, లింకులు నొక్కే అలవాటున్నవారికి చూపిస్తుంది. అమ్మకాలు కావాలని చెప్పి, మన వెబ్‌సైటులో ఏది అమ్మకమో అది గుర్తుపట్టే ఏర్పాటు చేస్తే, కొనే అలవాటున్నవారిని వెదకడానికి ప్రయత్నిస్తుంది. మనవారిలో అధికులు ఇదేదీ చూడకుండా బొమ్మ కింద ఉన్న "బూస్ట్" మీట నొక్కి ఐదు వందలు కట్టి ఊరుకుంటారు. లైకులు వస్తాయి, సంతోషిస్తారు. లైకులతో పొయ్యి వెలగదు.

కాబట్టి ప్రకటన కంటే ముందు తేలవలసిన విషయం ఒకటున్నది: మన సరుకు ఎవరికి కావాలి? "అందరికీ" అన్నది సమాధానం కాదు. ఆ గాజుల కుటుంబంలో దీనికి సరైన జవాబు తల్లి దగ్గర దొరికింది. ఇరవై యేళ్ళుగా గాజులు అమ్ముతూ ఆమె గమనించిన విషయాలివి: కొనేది పెళ్ళికూతురు కాదు, ఆమె తల్లి లేదా మేనత్త. వారు వచ్చేది పెళ్ళికి నెల, నెలన్నర ముందు. చేతిలో చీర ముక్కో జోడా ముక్కో పట్టుకుని, ఆ రంగుకు కలిసే జత కావాలంటారు. హైదరాబాదులో ఉన్నవారు ఎలాగూ బజారుకే వచ్చి చేతికి తొడిగి చూసి కొంటారు. వెబ్‌సైటు వారికి అనవసరం. కర్నూలులోనో, గుంటూరులోనో, జెద్దాలోనో, దుబాయిలోనో ఉండి రాలేనివారికే అది అవసరం. చూడండి, ఒక్క పైసా ఖర్చు లేకుండా వయస్సు, ఊరు, కాలం, అవసరం అన్నీ తేలిపోయాయి. పది వేలమంది అనుచరుల కంటే ఈ నాలుగు వాక్యాల విలువ ఎక్కువని మేము ఆ అబ్బాయికి చెప్పాము. తరువాత ఇచ్చిన ప్రకటనలో హైదరాబాదును మినహాయించి మిగిలిన ఊళ్ళను ఎంచుకున్నాడు. వయస్సు ముప్ఫై ఐదుకు పైన అని పెట్టాడు. బొమ్మలో గాజుల పక్కన చీర అంచు కూడా కనిపించేలా తీశాడు.

ఇక్కడ ఒక సందేహం తరచుగా వస్తున్నది. "ముస్లిములకు మాత్రమే కనిపించేలా ప్రకటన ఇవ్వవచ్చునా?" అని అడుగుతున్నారు. మతం, ఆరోగ్యం, రాజకీయ అభిప్రాయం వంటి సున్నితమైన అంశాల ఆధారంగా మనుషులను ఎంచుకునే వర్గాలను ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2022 జనవరిలో తొలగించింది. మా దృష్టిలో అది మంచి పనే. ఒక మనిషి రోగాన్నో విశ్వాసాన్నో పట్టుకుని అతని జేబు వైపు నడిచే వ్యాపారం మనకు వద్దు. ఇక వ్యాపార దృష్టితో చూసినా మనకు నష్టం లేదు. బొమ్మలోనూ మొదటి వాక్యంలోనూ సరుకు ఏమిటో, ఎవరి కోసమో స్పష్టంగా ఉంటే, అక్కర లేనివారు దాటిపోతారు, అక్కర ఉన్నవారు ఆగుతారు. ఆ వాక్యమే జల్లెడ అవుతుంది. పైగా లక్క గాజులు కొనేది మన ఇళ్ళవారే అనుకోవడం పొరపాటు. లాడ్ బజారులో ఒక సాయంత్రం నిలబడితే ఎన్ని ఇళ్ళ పెళ్ళికూతుళ్ళ కోసం బేరాలు జరుగుతాయో కనిపిస్తుంది.

భాష కూడా అటువంటి జల్లెడే. మన ఇళ్ళలో మాట్లాడేది దక్కనీ, చదివేది తెలుగు, వెదికేటప్పుడు కొట్టేది ఇంగ్లీషు అక్షరాలు. కర్నూలు తల్లి కోసమైతే తెలుగులో రాయండి. జెద్దాలో ఉన్న ఆమె తోడికోడలి కోసం మరొక ప్రకటనను ఉర్దూలో ఇవ్వండి. రెండింటినీ ఒకే బొమ్మలో కుక్కితే ఇద్దరూ చదవరు.

ఫేస్‌బుక్ పేజీ ఉండగా వెబ్‌సైటు ఎందుకని అడిగేవారికి రెండు సంఘటనలు గుర్తు చేస్తాము. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అందులో ఏళ్ళ తరబడి లక్షలమంది ప్రేక్షకులను కూడబెట్టుకున్నవారికి ఆ ప్రేక్షకులతో ఉన్న సంబంధం ఒక్కసారిగా తెగిపోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ప్రపంచమంతటా ఆరు గంటలపాటు ఆగిపోయాయి. ఆ మూడింటిలోనే వ్యాపారం చేసేవారు ఆ సమయమంతా చేతులు ముడుచుకుని కూర్చున్నారు. సామాజిక మాధ్యమం అన్నది ఒకరి స్థలంలో జరిగే సంత. అక్కడ కేక వేయండి, పరిచయాలు చేసుకోండి. కాని సరుకు, ధర, షరతులు, కొనుగోలుదారుల చిరునామాల ఖాతా మన సొంత దుకాణంలో ఉండాలి. సంతలో కలిసినవారిని ఆ దుకాణం గడప వరకు తీసుకురావడమే ఇప్పుడు మనం చర్చిస్తున్న పని.

ఆ గడప దగ్గరే చాలామంది జారిపడుతున్నారు. ప్రకటనలో ఎర్రరాళ్ళ గాజులు చూపించి, లింకు నొక్కితే వెబ్‌సైటు మొదటి పేజీకి తీసుకువెళతారు. అక్కడ నూట యాభై రకాలుంటాయి. ఆ తల్లి ఎర్రరాళ్ళ జతను ఎక్కడని వెదకుతుంది? ఏ బొమ్మ చూపించామో ఆ వస్తువు ఉన్న పేజీకే లింకు వెళ్ళాలి. ఆ పేజీలో ధర, పోస్టు ఖర్చు, ఎన్ని రోజుల్లో చేరుతుంది, నచ్చకపోతే ఏమి చేయాలి అన్నవి ఉండాలి. గాజులకైతే సైజు. రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని బజారులో అంటే అర్థమవుతుంది. జెద్దాలో పుట్టి పెరిగిన పిల్లకు అర్థం కాదు. పాత గాజును స్కేలు మీద పెట్టి లోపలి వ్యాసాన్ని కొలిచే విధానం ఒక బొమ్మతో చూపితే సగం ఫోనులు తగ్గుతాయి. మరొక మాట: ఆ పేజీని ఇంట్లో ఉన్న అన్నిటికంటే చౌక ఫోనులో, వైఫై లేకుండా ఒకసారి తెరిచి చూడండి. బరువైన ఫొటోలు పెట్టి, అది తెరుచుకునేలోపు వచ్చినవారు వెనుదిరిగితే, ప్రకటనకు మన ఖాతాలో నుండి డబ్బు పోతుంది, మనిషి మాత్రం లోపలికి రాడు. ఎందరు లింకు నొక్కారు, ఎందరికి పేజీ పూర్తిగా తెరుచుకున్నది అన్న రెండు లెక్కలూ ఫేస్‌బుక్ విడివిడిగా చూపగలదు. రెండవదే చూడండి.

ఏ మాధ్యమం అన్న విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మ కింద రాసిన లింకు నొక్కితే పనిచేయదు. పేజీ పరిచయంలోనో, స్టోరీలోనో పెట్టాలి. యూట్యూబ్ షార్ట్స్ వివరణలో పెట్టే లింకులు 2023 ఆగస్టు చివరి నుండి పనిచేయడం లేదు. పెద్ద వీడియో కింద పెట్టేవి పనిచేస్తాయి. పెళ్ళి సరుకు, ఇంటి అలంకరణ, కుట్టుపని వంటివాటికి మనవారు పట్టించుకోని పింటరెస్ట్ బాగా ఉపయోగపడుతుంది. అక్కడ బొమ్మతోపాటే లింకు ఉంటుంది, నెలల తరువాత కూడా వెదికినవారికి దొరుకుతుంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. కనుక అది కొత్తవారిని తేవడానికి కాదు, పాతవారిని నిలుపుకోవడానికి.

ఇక డబ్బు లెక్క. దీనిపై కొంచెం ఆగుదాము, ఎందుకంటే అప్పు చేసి ప్రకటనలు ఇస్తున్నవారి ఉత్తరాలు కూడా మాకు వచ్చాయి. ఒక గాజుల జతపై ముడిసరుకు, కూలి, పెట్టె, పోస్టు అన్నీ పోగా రెండు వందలు మిగులుతాయనుకుందాము. వెబ్‌సైటుకు వచ్చిన వందమందిలో ఇద్దరు కొంటే మిగిలేది నాలుగు వందలు. అంటే ఒక సందర్శకుడిని తీసుకురావడానికి నాలుగు రూపాయలకు మించి ఖర్చయితే మనం ఎదురు డబ్బు పెట్టి అమ్ముతున్నట్లే. ఆరు రూపాయలవుతున్నదా? అప్పుడు ప్రకటన పెంచడం కాదు, ఆపండి. పేజీని సరిచేయండి. అదే వందమందిలో నలుగురు కొనేలా చేయగలిగితే ఎనిమిది రూపాయల వరకు భరించవచ్చు. మొదట రోజుకు రెండు మూడు వందలకు మించకుండా ఒక వారం చూడండి. ఒక్కొక్క చోట పెట్టే లింకు చివర ఒక్కొక్క గుర్తు తగిలిస్తే, వచ్చినవారు ఇన్‌స్టాగ్రామ్ నుండి వచ్చారా, వాట్సాప్ నుండి వచ్చారా అన్నది గూగుల్ ఉచితంగా ఇచ్చే అనలిటిక్స్ పనిముట్టు చెబుతుంది. మీ ఇంట్లో పదవ తరగతి చదివే పిల్ల ఒక గంటలో నేర్చుకోగలదు. అప్పు తీసుకుని మాత్రం ఈ పరీక్షలు చేయకండి. వడ్డీకైతే అసలే వద్దు.

ఇప్పుడు మేము అసలు ఆందోళనపడుతున్న విషయానికి వస్తాము. గిరాకీ రాకపోయేసరికి కొందరు అడ్డదారులు తొక్కుతున్నారు. బంధువుల చేత, స్నేహితుల చేత "నేను కొన్నాను, అద్భుతంగా ఉన్నది" అని రాయిస్తున్నారు. దైవప్రవక్త (స) కాలపు అంగడిలో కొనే ఉద్దేశం లేనివాడు కొనేవాడిలా నటించి ధర పెంచే పద్ధతి ఉండేది. దానిని నజ్ష్ అంటారు. ఆయన దానిని నిషేధించిన సంగతి బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉన్నది. కొననివాడు కొన్నట్లు రాయడానికీ దానికీ తేడా ఏమిటో మాకు కనిపించడం లేదు. దేశ చట్టం కూడా ఇదే మాట చెబుతున్నది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం అమ్మకందారు తానే కొనుగోలుదారుగా నటించి సమీక్షలు రాయరాదు. డబ్బో ఉచిత సరుకో తీసుకుని మెచ్చుకునేవారు ఆ సంగతిని బయటపెట్టాలని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. నిజంగా కొన్నవారిని అడగండి. పదిమందిలో ముగ్గురు రాస్తారు, ఆ ముగ్గురిలో ఒకరు లోపం చెబుతారు. దానిని తుడిచేయకుండా కింద జవాబు ఇవ్వండి. చదివేవారు ఆ జవాబును చూసే నమ్ముతారు.

ఫోను నంబర్ల సంగతి ఇంకా బాధాకరం. మస్జిదు కమిటీ గ్రూపులో నుండో, పిల్లల మదర్సా గ్రూపులో నుండో నంబర్లన్నీ తీసి, వాటికి సందేశాలు పంపడం, లేదా ఆ జాబితాను ప్రకటనల యంత్రానికి ఎక్కించి "ఇలాంటివారిని వెదకు" అనడం మన మధ్య జరుగుతున్నది. జనాజా సమయం తెలియడం కోసం ఇచ్చిన నంబరు అది. ఒక పనికి అప్పగించిన అమానతును మరొక పనికి వాడడం ఖియానత్ అని చిన్న తరగతి విద్యార్థికి కూడా తెలుసు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతినే పునాదిగా తీసుకున్నది. మన వద్ద కొన్నవారిని "కొత్త రకాలు వస్తే తెలియజేయమంటారా?" అని ఒక్క మాట అడిగి, అవునన్నవారికే పంపండి. వద్దన్నవారి పేరు అదే రోజు తీసివేయండి.

బయటి ఊళ్ళ నుండి సరుకు తెచ్చే బిడారులకు, వారు అంగడికి చేరకముందే, ధర తెలియకముందే ఎదురేగి కొనడాన్ని కూడా దైవప్రవక్త (స) వారించారు. ఒకరి తెలియనితనాన్ని లాభంగా మార్చుకోవద్దన్నది దాని భావమని పండితులు వివరించారు. ఈనాడు "ఇంకా రెండు గంటలే", "మూడు జతలే మిగిలాయి" అని అబద్ధపు గడియారం పెట్టి, పక్క దుకాణంలో ధర చూసే వ్యవధి కూడా ఇవ్వకుండా తొందరపెట్టేవారు ఆ వారింపును ఒకసారి జ్ఞాపకం చేసుకుంటే బాగుండును.

ఫొటోల విషయంలో మా ఇంటి ఆడవారు చెప్పిన మాటనే రాస్తాము: గాజులకు చేయి చాలు, ముఖం అక్కరలేదు. అయితే ఆ చేతి మీద గాజు రంగును ఫోనులోని హంగులతో మెరిపించవద్దు. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన ఉదంతం పాఠకులకు తెలిసినదే. తడిసినదానిని పైకి కనబడేలా పెట్టమన్నారు. పట్టు వ్యాపారి అయిన ఇమాం అబూ హనీఫా (రహ్మ) తన భాగస్వామి లోపమున్న వస్త్రాన్ని ఆ లోపం చెప్పకుండా అమ్మితే, వచ్చిన సొమ్మంతా దానం చేశారని చరిత్రకారులు రాశారు. లక్క గాజుకూ ఒక లోపం ఉన్నది, వేడికి మెత్తబడుతుంది. గల్ఫు ఎండలో కారులో వదిలితే ఆకారం చెడవచ్చు. ఈ మాట వెబ్‌సైటులో పైనే, ధర పక్కనే రాయమని ఆ అబ్బాయికి చెప్పాము. గిరాకీ పోతుందేమోనని మొదట వెనుకాడాడు, తరువాత రాశాడు. జెద్దా నుండి కొన్న ఒకామె ఆ వాక్యం చదివే ధైర్యంగా డబ్బు పంపానని అతనికి రాసింది. అతని అమ్మకాలు ఇప్పటికీ పెద్దవేమీ కావు. నెలకు పదిహేను, ఇరవై జతలు. కాని ప్రకటన ఖర్చు పోను ఇంటికి కొంత చేరుతున్నది, తల్లి దాచిన సొమ్ము కొద్దికొద్దిగా తిరిగి నిండుతున్నది.

రాబోయే రమజాను కోసం ఇప్పుడే అడుగుతున్నవారికి చివరగా ఒక మాట. షవ్వాలులో పెళ్ళిళ్ళు ఉన్న తల్లులు రమజానుకు ముందు నుండే చూడడం మొదలుపెడతారు. కనుక ప్రకటన షాబాను నెలలోనే ప్రారంభించండి. పండుగకు ముందు కొరియర్ల వద్ద రద్దీ ఉంటుంది. ఏ తేదీ తరువాత ఇచ్చిన ఆర్డరు పండుగలోపు చేరదో ఆ తేదీని వెబ్‌సైటులో అందరికీ కనబడేలా రాయండి. ఆ తేదీ దాటిన రోజున, వస్తున్న డబ్బును చూసి ఆశపడకుండా, ప్రకటనను ఆపివేయండి.